83 బొమ్మలు, 2 కొనుగోళ్లు: చిన్న గ్యాలరీ ఏ లెక్క మీద నడుస్తుంది?

1911 వసంతంలో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూ మీద ఒక మేడ గదిలో పికాసో బొమ్మలు 83 ప్రదర్శనకు పెట్టారు. అమెరికాలో ఆయనకు అదే మొదటి ప్రదర్శన. అన్నీ కాగితం మీదివే: బొగ్గు గీతలు, సిరా గీతలు, నీటిరంగులు. అమ్ముడైనవి 2. ఆ రెండింట్లో ఒకటి కొన్నది గ్యాలరీ నడిపే ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జే. అంటే బయటివాళ్లు కొన్నది ఒక్కటే. మిగిలినవాటిని గుత్తగా 2,000 డాలర్లకు తీసుకోమని ఆయన మెట్రోపాలిటన్ మ్యూజియాన్ని అడిగాడు. ఒక్కో బొమ్మకు 25 డాలర్లు కూడా పడని ధర. మ్యూజియం వద్దంది. స్టీగ్లిట్జ్ తనకోసం ఉంచుకున్న బొగ్గు చిత్రం, నిలబడి ఉన్న స్త్రీ బొమ్మ, ఆయన పోయాక 1949లో ఆయన సేకరణతో పాటు అదే మ్యూజియానికి చేరింది.

ఇంటి నంబరు మీదుగా ‘291’ అని పేరుపడిన ఆ గ్యాలరీ గది సుమారు 15 అడుగుల చదరం. నాలుగు గోడలూ కలిపితే 60 అడుగులు. 1905 నుంచి 1917 దాకా 12 ఏళ్లు నడిచింది. మాటిస్ బొమ్మలు అమెరికాలో మొదట కనబడింది అక్కడే, 1908లో. 1912లో చిన్నపిల్లల బొమ్మలకు కూడా ప్రదర్శన పెట్టారు. 1914లో బ్రాంకూసీ శిల్పాలు వచ్చాయి. చివరి ప్రదర్శన జార్జియా ఓకీఫ్‌ది. మన మధ్యతరగతి ఇంటి హాలు కన్నా చిన్నదైన గదిలో ఒక దేశం కొత్త చిత్రకళను చూడటం నేర్చుకుంది.

వేలంపాటలో కోట్లు పలికిన బొమ్మ గురించి పత్రికల్లో చదువుతాం. ఆ బొమ్మ గీసినవాణ్ని ఎవరూ కొనని ఏళ్లు కొన్ని ఉంటాయి. ఆ ఏళ్ల అద్దె, దీపాల ఖర్చు, ఫ్రేముల ఖర్చు ఎవరో ఒకరు భరించి ఉంటారు. చాలాసార్లు ఆ పని చేసింది ఇలాంటి చిన్న గదే. అది ఎన్ని అడుగుల గోడ మీద, ఎంత వాటా మీద, ఏ చట్టం కింద నిలబడుతుందో తెలిస్తే, మన ఊళ్లో గ్యాలరీ గాజు తలుపు ముందు నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయించేవాళ్లు మరింత ధైర్యంగా లోపలికి అడుగు పెడతారని నా నమ్మకం. ఇక్కడ టికెట్ ఉండదు. కొనాలన్న నియమం లేదు. చిన్న గ్యాలరీలో ప్రదర్శన దాదాపు ఎక్కడైనా ఉచితమే.

గోడ ఎంత పొడవు?

ఇల్లు కొనేవాళ్లు చదరపు అడుగులు అడుగుతారు. గ్యాలరీవాళ్లు అడిగేది గోడ ఎన్ని అడుగులు సాగుతుందని. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి తీసుకుందాం. చుట్టుకొలత 100 అడుగులు. తలుపు, కిటికీ, ఓ మూల టేబుల్ కోసం 15 అడుగులు తీసేస్తే 85 మిగులుతుంది. 3 అడుగుల వెడల్పున్న కాన్వాసుకు పక్కన 2 అడుగుల ఖాళీ వదిలితే ఒక్కో బొమ్మ 5 అడుగులు తింటుంది. 17 పడతాయి. ప్రదర్శన గురించి రాసిన పెద్ద పలకకు ఒక చోటు ఇస్తే 16. చిన్న గ్యాలరీలో సోలో షోకి వెళ్తే 15 నుంచి 20 బొమ్మలే కనబడటానికి కారణం ఇదే. చిత్రకారుడి దగ్గర సరుకు లేక కాదు.

ఆ 2 అడుగుల ఖాళీ దండగ అనిపించవచ్చు. 36 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ఉన్న బొమ్మకు మూల నుంచి మూలకు గీసిన గీత దాదాపు 54 అంగుళాలు, నాలుగున్నర అడుగులు. దానికి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దూరంలో, అంటే 7 నుంచి 9 అడుగుల్లో నిలబడితే బొమ్మ మొత్తం ఒకేసారి కంటికి అందుతుంది. అక్కడి నుంచి చూస్తున్నప్పుడు పక్క బొమ్మ అరడుగు దూరంలోనే ఉంటే దాని రంగు దీని మీదికి వచ్చేస్తుంది. ఖాళీ గోడ ఆ రెండింటినీ విడదీస్తుంది. ఈ ఖాళీని కొసదాకా తీసుకెళ్లినవాడూ ఉన్నాడు. 1958 ఏప్రిల్‌లో పారిస్‌లోని ఐరిస్ క్లెర్ట్ అనే చిన్న గ్యాలరీలో ఈవ్ క్లెన్ ప్రదర్శనకు పెట్టిన బొమ్మలు 0. గోడలకు తెల్లరంగు వేసి ఊరుకున్నాడు. రెండేళ్ల తర్వాత 1960లో అదే గదిని అర్మాన్ చెత్తా చెదారంతో నింపేశాడు. జనం వీధిలోంచి కిటికీ అద్దంలోనే చూశారు.

ఎత్తుకూ లెక్క ఉంది. బొమ్మ నడిమి బిందువు నేల నుంచి 57 అంగుళాల ఎత్తున, అంటే 145 సెంటీమీటర్ల దగ్గర ఉండాలన్నది ఎక్కువ మంది పాటించే కొలత. కొందరు 60 దాకా వెళ్తారు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తును బట్టి పెట్టిన అంకె ఇది. 40 అంగుళాల బొమ్మ అయితే, దాని సగం 20ని 57కు కలిపితే 77. వెనక తీగ పైఅంచు నుంచి 4 అంగుళాలు కిందికి దిగితే మేకు 73 దగ్గర కొట్టాలి. మన ఇళ్లలో పెద్దల ఫొటోలు గుమ్మం పైన, కాస్త ముందుకు వాల్చి కట్టడం అలవాటు. అది తలెత్తి దణ్ణం పెట్టుకోవడానికి సరిపడే ఎత్తు. కొన్న బొమ్మను కూడా అదే ఎత్తుకు ఎక్కించి, గ్యాలరీలో ఉన్నంత బాగా ఇంట్లో లేదని చాలామంది దిగులు పడతారు. దాన్ని అడుగున్నర కిందికి దించితే చాలు. చక్రాల కుర్చీలో వచ్చేవారి కళ్లు మాత్రం 120 సెంటీమీటర్ల దగ్గరే ఉంటాయి. వాళ్లను లెక్కలో పెట్టుకుని చిన్న బొమ్మల్ని ఇంకాస్త కిందికి దించే గ్యాలరీలంటే నాకు గౌరవం.

వెలుగు తినేస్తుంది

వెలుతురు విషయం దగ్గర కొంచెం ఆగాలి. చూడటానికి వెలుతురు కావాలి, అదే వెలుతురు బొమ్మను వెలిసిపోయేలా చేస్తుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మ్యూజియాలు పాటించే కొలతల ప్రకారం తైలవర్ణ చిత్రం మీద 200 లక్స్, నీటిరంగుల మీద, కాగితం మీద 50 లక్స్ మించకూడదు. గ్యాలరీలోకి వెళ్లగానే కొన్నిచోట్ల మసకగా అనిపించేది ఇందుకే. కరెంటు బిల్లు పొదుపు చేస్తున్నారని అనుకోకండి.

ఏ క్షణాన ఎంత వెలుతురు పడుతోందన్నదే కాదు, మొత్తం ఎంతసేపు పడిందన్నది కూడా లెక్కే. వెలుతురు ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ 2004లో ఏడాది మోతాదులు చెప్పింది. తైలవర్ణాలకు 6,00,000 లక్స్ గంటలు, నీటిరంగులకు 1,50,000, పట్టు, న్యూస్‌పేపర్, తొందరగా వెలిసే రంగుల వంటి వాటికి 15,000. ఇప్పుడు ఐదు వారాల ప్రదర్శన తీసుకోండి. వారానికి 6 రోజులు, రోజుకు 8 గంటలు తెరిస్తే 240 గంటలు. 200 లక్స్ కింద తైలవర్ణ చిత్రానికి 48,000 లక్స్ గంటలు పడతాయి, దాని ఏడాది మోతాదులో 8 శాతం. 50 లక్స్ కింద నీటిరంగుల బొమ్మకు 12,000, అదీ 8 శాతమే. న్యూస్‌పేపర్ ముక్కలు అతికించి చేసిన కొలాజ్‌కు అదే 12,000 అంటే 80 శాతం! ఒక్క ప్రదర్శనతో అది ఏడాదికి సరిపడా వెలుగు దాదాపు తాగేసింది. సమకాలీన చిత్రకారులు పాత పత్రికలు, సినిమా పోస్టర్లు, చీర ముక్కలు ఎంతగానో వాడుతున్నారు. అలాంటి బొమ్మ కొనేవాళ్లు కిటికీకి ఎదురు గోడను ముందే మరిచిపోవాలి.

తేమ గురించి ఒక్క మాట. గాలిలో తేమ 65 శాతం దాటితే కాగితానికి బూజు భయం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గీత పైనే ఉంటాయి. కాగితం బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట మౌంట్ పెట్టించడం అక్కడ అందం కోసం చేసే ఖర్చనుకోకూడదు.

డబ్బు లెక్క

బొమ్మ ధర ఎలా కడతారన్నది అందరికీ ఉండే ప్రశ్న, అడగడానికి చాలామంది మొహమాటపడే ప్రశ్న. మన దగ్గర చాలామంది చిత్రకారులు చదరపు అంగుళానికి ఇంత అని కడతారు. మన 36×40 కాన్వాసు 1,440 చదరపు అంగుళాలు. అంగుళానికి 70 రూపాయలైతే 1,00,800. సుమారు లక్ష. అదే చిత్రకారుడి 12×12 బొమ్మ 144 అంగుళాలు, ఆ రేటున 10,080 రావాలి. కానీ చిన్న బొమ్మకూ ఆలోచన అంతే పడుతుంది కాబట్టి దానికి అంగుళం రేటు కాస్త ఎక్కువ వేస్తారు. ఈ పద్ధతి మొరటుగానే కనబడుతుంది. అయితే దీనిలో ఒక మేలు ఉంది: ఫలానా బొమ్మ బాగుంది కాబట్టి రెట్టింపు అని చిత్రకారుడు తన పిల్లల్లో ఒకణ్ని మాత్రమే ముద్దు చేయడానికి వీలుండదు. అంగుళం రేటు ఏళ్ల మీద నెమ్మదిగా పెరగాలి. ఒకసారి పెంచింది తగ్గించకూడదు. తగ్గితే నిరుడు కొన్నవాళ్లు మోసపోయినట్టు భావిస్తారు. ఆ పెంపు ఎప్పుడు, ఎంత అన్నది చిత్రకారుడితో కూర్చుని తేల్చడమే గ్యాలరీ చేసే అసలు పనుల్లో ఒకటి.

అమ్మిన ధరలో గ్యాలరీ వాటా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ప్రపంచంలో చాలాచోట్ల సగం సగమే వాడుక. సగమా అని గుండెలు బాదుకునేవాళ్ల కోసం ఒక ప్రదర్శన ఖర్చు వేసి చూద్దాం. ఈ అంకెలు లెక్క తెలియడానికి నేను వేసుకున్న అంచనాలే. ఏ గ్యాలరీ ఖాతా పుస్తకంలోంచీ తీసుకోలేదు.

గది 600 చదరపు అడుగులు, వెనక బొమ్మలు దాచే చోటు 200. అడుగుకు 80 రూపాయల చొప్పున నెల అద్దె 64,000. ప్రదర్శన ఐదు వారాలు, దించడం, గోడ సరిచేయడం, మళ్లీ కట్టడం వారంన్నర. మొత్తం నెలన్నర. అద్దె 96,000. ఇద్దరి జీతాలు 90,000. కరెంటు 30,000. ఇవి బొమ్మ అమ్ముడైనా కాకపోయినా పోయేవి, 2,16,000. పైన ప్రదర్శన ఖర్చులు: 16 ఫ్రేములు ఒక్కోటి 4,500 చొప్పున 72,000, కేటలాగ్ 60,000, ప్రారంభం రోజు టీ, టిఫిన్లు, పిలుపులు 25,000, రవాణా, బీమా 27,000. ఇవి 1,84,000. రెండూ కలిపితే సరిగ్గా 4 లక్షలు.

లక్ష రూపాయల బొమ్మ అమ్మితే గ్యాలరీకి వచ్చేది 50,000. కాబట్టి 16లో 8 అమ్ముడైతేనే ఖర్చు గట్టెక్కుతుంది. తొమ్మిదో బొమ్మ నుంచి లాభం. 3 మాత్రమే పోతే చిత్రకారుడి చేతికి లక్షన్నర, గ్యాలరీకి రెండున్నర లక్షల నష్టం. ఏడాదిలో 52 వారాలు, ఒక్కో ప్రదర్శనకు ఆరున్నర వారాలు, మొత్తం 8 ప్రదర్శనలు, 32 లక్షల ఖర్చు. పేరున్న ఇద్దరి ప్రదర్శనలు పూర్తిగా అమ్ముడైతే 32 బొమ్మల మీద 16 లక్షలు వస్తాయి. అది సగం. మిగతా ఆరు ప్రదర్శనల్లోని 96 బొమ్మల్లో మూడో వంతు పోతే చాలు. ఆ ఇద్దరి వల్లే కొత్తవాళ్లు ఆరుగురికి గోడ దొరుకుతోంది. వైకుంఠం చిత్రాల్లోని తెలంగాణ స్త్రీని చూడటానికి వచ్చిన జనం వల్ల, ఊరూ పేరూ తెలియని కుర్రవాడి ఇన్‌స్టలేషన్‌కు దీపం వెలుగుతుంది. చిన్న గ్యాలరీకి బతుకుతెరువు ఇదే, ధర్మమూ ఇదేనని నేను అనుకుంటాను. పేరున్నవాళ్లతోనే ఏడాదంతా నింపేస్తే ఖాతా బాగుంటుంది, పదేళ్లకు చూపించడానికి కొత్తవాళ్లెవరూ మిగలరు.

బయటి ప్రపంచంలోనూ చిన్నవాళ్ల లెక్క పెద్దవాళ్లలా నడవటం లేదు. ఆర్ట్ బాసెల్ కళా ప్రదర్శనల సంస్థ, యూబీఎస్ బ్యాంకు కలిసి ఏటా వెలువరించే నివేదిక ప్రకారం 2024లో ప్రపంచ చిత్రకళా విపణి 12 శాతం తగ్గి 57.5 బిలియన్ డాలర్లకు దిగింది. అదే ఏడు 2,50,000 డాలర్ల లోపు టర్నోవర్ ఉన్న చిన్న విక్రేతల అమ్మకాలు 17 శాతం పెరిగాయి. కోట్ల బొమ్మలు కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, తక్కువ ధరవి ఎక్కువ మంది కొన్నారు.

మన దేశంలో పన్ను వైపు నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. చేత్తో గీసిన చిత్రాలు, అసలు ముద్రణ చిత్రాలు, శిల్పాల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమైంది. లక్ష రూపాయల బొమ్మ మీద 12,000 కట్టేచోట 5,000. ఏడాది అమ్మకాలు కొంత గీత దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గీత 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. సొంతంగా అమ్ముకునే చిత్రకారులు ఏ రాష్ట్రంలో ఉన్నారో చూసుకోవాలి.

అద్దె హాలు వేరు

ప్రదర్శన అనగానే రెండు వేరు వేరు ఏర్పాట్లను మనం ఒకే గంపలో వేస్తాం. ముంబైలోని జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ 1952లో తెరిచారు. అక్కడ హాళ్లు వారానికొకరికి ఇస్తారు. చిత్రకారుడు దరఖాస్తు పెట్టి, ఎంపికై, ఏళ్ల తరబడి వంతు కోసం ఎదురుచూసి, అద్దె కట్టి చూపించుకుంటాడు. తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లూ ఎందరో ఆ వరసలో నిలబడ్డారు. దేశంలో ఎన్నో ఊళ్లలోని హాళ్లు ఇదే తీరులో నడుస్తాయి. అక్కడ బొమ్మ అమ్ముడు కాకపోతే పోయేది చిత్రకారుడి డబ్బు. హాలు అద్దె హాలుకు వచ్చేసింది.

పైన లెక్క వేసిన గ్యాలరీలో పోయేది గ్యాలరీ డబ్బు కూడా. అందుకే అది ఎవరిని చూపించాలో తనే ఎంచుతుంది, ఎంచినవాళ్ల బొమ్మలు అమ్మడానికి కొన్నేళ్లు తిరుగుతుంది. రెండూ కావాలి. గ్యాలరీ పిలుపు రానివాళ్లకు అద్దె హాలే దిక్కు, అది ఎన్నో తరాలకు తలుపు తెరిచింది. నాకు బాధ కలిగించేది మూడో రకం: చిత్రకారుడి దగ్గర అద్దె తీసుకుని, అమ్మితే వాటా కూడా తీసుకునే ఏర్పాటు. కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాళ్లు సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడిగితే సరి. ఫ్రేముల డబ్బు ఎవరిది? కొన్నవాళ్లకు తగ్గింపు ఇస్తే అది ఎవరి వాటాలోంచి? అమ్మిన ఎన్ని రోజులకు నా సొమ్ము వస్తుంది? మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

ఫ్రేముల కొట్టు నుంచి

జహంగీర్ భవనం మొదటి అంతస్తులోనే 1963లో ఒక చిన్న గ్యాలరీ మొదలైంది. పేరు కెమోల్డ్. దాన్ని పెట్టిన కేకూ గాంధీ, ఖోర్షెద్ గాంధీ దంపతులది అప్పటికే ఫ్రేముల వ్యాపారం, 1941 నాటిది. పటాలు కట్టే కొట్టు అద్దాల వెనక హుసేన్, ఆరా లాంటి అప్పటి కుర్ర చిత్రకారుల బొమ్మలు పెట్టి చూపించేవారు. ఫ్రేము కోసం వచ్చినవాడు బొమ్మ చూసి ఆగాలి, అంతే. గ్యాలరీ పెట్టే నాటికి ఆ పని ఇరవై ఏళ్లుగా సాగుతూనే ఉంది.

తర్వాతి తేదీలు వరసగా చదవండి. 1975లో ఆ గదిలో జివ్యా సోమా మశే వార్లీ చిత్రాలు కాగితం మీద వచ్చాయి. అప్పటిదాకా అవి పెళ్లిళ్లప్పుడు ఆదివాసీ ఇళ్ల మట్టిగోడల మీద ఉండేవి. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2011లో, 36 ఏళ్లకు. 1988లో కూతురు షిరీన్ గాంధీ బాధ్యత తీసుకున్నారు. మరుసటేడు 30 ఏళ్ల చిత్రకారుడు అతుల్ దోడియాకు సోలో షో ఇచ్చారు. ఆయన ఆ గ్యాలరీతోనే దశాబ్దాలు నడిచారు. 2007లో గ్యాలరీ ఫోర్ట్ ప్రాంతంలోని ప్రెస్కాట్ రోడ్డులో పెద్ద చోటుకు మారింది. 2013లో 50 ఏళ్ల సందర్భంగా కళావిమర్శకురాలు గీతా కపూర్ ఐదు ప్రదర్శనలు వరసగా రూపొందించారు. చిన్న గదిలో 44 ఏళ్లు ఉన్న తర్వాతే పెద్ద గదికి వెళ్లారన్నది నేను మరీ మరీ చెప్పదలచిన సంగతి. మొదటి ప్రదర్శనలో లాభం రాలేదని గది మూసేసి ఉంటే ఈ వరసలో ఒక్క తేదీ కూడా ఉండేది కాదు.

హైదరాబాద్‌కూ ఇలా వేచి చూసినవాళ్లు తెలుసు. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా సూచనతో హుసేన్ రామాయణ చిత్రాల పరంపర గీస్తున్నప్పుడు, ఆ ఏళ్లలో ఆదుకున్నది ఇక్కడి కళాభిమాని బద్రివిశాల్ పిత్తి. బంజారాహిల్స్‌లో కళాకృతి గ్యాలరీ 2002లో మొదలై రెండు దశాబ్దాలు దాటింది. కానీ హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి, సెంట్రల్ యూనివర్సిటీ నుంచి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఏటా పట్టాలతో బయటికొచ్చే పిల్లల్ని తలుచుకుంటే, 85 అడుగుల గోడలు ఇంకా ఎన్నో కావాలి. విజయవాడలో, విశాఖలో, వరంగల్‌లో కావాలి.

రెండో అమ్మకం ఎవరిది?

2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో హుసేన్ 1954 నాటి ‘గ్రామ యాత్ర’ దాదాపు 1.38 కోట్ల డాలర్లు పలికింది. మన లెక్కలో 118 కోట్ల పైచిలుకు. దాదాపు 14 అడుగుల పొడవు, 13 ఘట్టాలు. 1954లోనే దాన్ని భారత్‌కు వచ్చిన ఒక వైద్యుడు కొని నార్వేకు తీసుకెళ్లాడు. తర్వాత ఓస్లో ఆస్పత్రికి చేరింది. గ్యాలరీలో జరిగేది మొదటి అమ్మకం, అందులో సగం చిత్రకారుడిది. వేలంలో జరిగేది రెండోదో మూడోదో. ఆ సొమ్ము అమ్మినవాళ్లది, వేలం సంస్థది.

దీనికి మందు ఫ్రాన్స్ 1920లోనే కనిపెట్టింది: మళ్లీ అమ్మిన ప్రతిసారీ చిత్రకారుడికి కొంత వాటా. అమెరికా జాతీయ చట్టంలో ఆ హక్కు నేటికీ లేదు. మన కాపీరైట్ చట్టంలో ఉంది. 1994 సవరణతో చేరిన 53ఏ సెక్షన్ ప్రకారం, 10,000 రూపాయలు మించిన ధరకు బొమ్మ మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికి గానీ, వారసులకు గానీ 10 శాతం మించకుండా వాటా దక్కాలి. కాగితం మీది ఈ హక్కును అడిగి తీసుకున్న చిత్రకారుల కథలు మనకు వినబడవు. గ్యాలరీలు మొదటి బిల్లు మీదే ఈ సెక్షన్ ప్రస్తావన ముద్రిస్తే, కొన్నవాళ్లకు గుర్తుంటుంది, అమ్మేనాటికి చిత్రకారుడి చిరునామా ఉంటుంది.

చూసేవాళ్ల వాటా

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించిన ఒక అధ్యయనం 2001లో అచ్చయింది. ఒక్కో బొమ్మ ముందు మనిషి సగటున నిలబడింది 27.2 సెకన్లు. సగం మందైతే 17 సెకన్ల లోపే కదిలిపోయారు. ఆ లెక్కన మన 16 బొమ్మలకు ఏడు నిమిషాల పైన కొంచెం. బొమ్మకు మూడు నిమిషాలు ఇస్తే 48 నిమిషాలు. పెద్ద మ్యూజియంలో ఇది కుదరదు, కాళ్లు పడిపోతాయి. చిన్న గ్యాలరీలో కుదురుతుంది. ప్రారంభం రోజు సాయంత్రం మాత్రం బొమ్మలు చూడటానికి పనికిరాదు. అది మనుషుల్ని కలిసే రోజు. బుధవారమో గురువారమో మధ్యాహ్నం వెళ్తే గదిలో మీరూ, బొమ్మలూ, టేబుల్ దగ్గర ఒక మనిషీ ఉంటారు. ఆ మనిషిని ధరల పట్టిక అడగండి. అడగడానికి కొనే ఉద్దేశం ఉండాల్సిన పని లేదు. బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉంటే అమ్ముడైపోయింది. చుక్క సగమే ఉంటే ఎవరో మాట చెప్పి ఉంచారు.

లక్ష పెట్టలేనివాళ్లకు ముద్రణ చిత్రాలున్నాయి. లక్ష్మా గౌడ్ ఎచింగుల వల్ల తెలుగువాళ్లకు ఈ మార్గం కొత్తేమీ కాదు. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే బొమ్మను చెక్కిన రాగిరేకు మీంచి తీసినవి 25, మీ చేతిలోది ఏడోది. 25 అయ్యాక రేకును గీసి పాడుచేస్తారు, ఇక తీయరు. ఒక్కోటి 8,000 అనుకుంటే మొత్తం 2 లక్షలు. చిత్రకారుడికి ఒక్క కాన్వాసు కన్నా ఎక్కువే వస్తుంది, బొమ్మ 25 ఇళ్లకు వెళ్తుంది. ఏడోదీ ఇరవై మూడోదీ సమానమే. చిన్న అంకె కోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు. కంప్యూటర్ ప్రింటు తీసి సంతకం పెట్టినవీ ఇదే పేరుతో అమ్ముతారు కాబట్టి, రేకు మీంచి తీసిందా, ఫైలు నుంచి తీసిందా అని అడిగి తెలుసుకోవాలి.

ఇక గ్యాలరీలు నడిపేవారికి ఒక విన్నపం, ఇదీ అంకెలతోనే. మన ఊళ్లలోని చాలా గ్యాలరీల్లో బొమ్మ పక్కనున్న చీటీ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. గీసినవాళ్లు తెలుగు, చూడటానికి వచ్చినవాళ్లు తెలుగు, గోడ మాత్రం తెలుగు మాట్లాడదు. 16 చీటీలకు 40 మాటల చొప్పున 640, ముందు గోడ మీది పరిచయానికి 260. మొత్తం 900 మాటలు. మాటకు 3 రూపాయలిచ్చి మంచి తెలుగు రాసేవాళ్లతో రాయించినా 2,700. మనం వేసుకున్న 4 లక్షల ఖర్చులో 0.7 శాతం కూడా కాదు. వచ్చే ప్రదర్శన నుంచే మొదలుపెట్టొచ్చు.